బండ వెనకవైపు

ఆ శనివారం పొద్దున బండల ఫ్యాక్టరీ యజమాని దావీదురాజు చేతిలో ఉన్నవి ఒక బండ, ఒక మాట. బండ ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. బేతంచెర్ల నల్లరాయిలో ఏరి తీయించి, అద్దంలా పాలిష్ పట్టించి, బొమ్మ చెక్కించి పంపాడు. అదిప్పుడు హైస్కూలు గోడకు ఆనుకుని ఉంది. మాట నోటిది. గురువారం నాడు పిల్లలందరి ఎదుట జారిపోయింది. బండనైతే లారీ పెట్టి వెనక్కి తెచ్చుకోవచ్చు. మాటకు ఆ వీలు లేదు.

అసలు సంగతి అంతకు చాలా ముందే మొదలైంది. ఏడో తరగతిలో తనకు పాఠాలు చెప్పిన ప్రేమయ్య సారు పేరు మీద బడికి ఒక రాతిపటం ఇవ్వాలని దావీదురాజు మూడేళ్లుగా అనుకుంటున్నాడు. అమ్మ దాచిన ట్రంకుపెట్టెలో తన ఏడో తరగతి నోటుపుస్తకం దొరికింది. అందులో తాను వేసిన బొమ్మనే రాతికెక్కించాడు. మధ్యలో సూర్యుడు, చుట్టూ కోడిగుడ్డు ఆకారంలో దారి. ఆ దారి సూర్యుడికి దగ్గరైన చోట ‘ఎండాకాలం’, దూరమైన చోట ‘చలికాలం’. కింద పెద్ద అక్షరాలతో ‘ప్రేమయ్య సారు నేర్పిన పాఠం’. సారు పోయి ఆరేళ్లయింది. సోమవారం ఆయన భార్య కృపమణమ్మ కడప నుంచి వచ్చి ముసుగు తీయాలి.

గురువారం కొత్త సైన్సు టీచరు లక్ష్మీప్రియ ఎనిమిదో తరగతిలో ఎండాకాలం ఎందుకొస్తుందని అడిగింది. ముప్పై నలుగురిలో ముప్పై ఒక్కరు కిటికీలోంచి బండ వైపు చేయి చూపించి, సూర్యుడు దగ్గరికొస్తాడు కాబట్టి అన్నారు. ఆమె అందరినీ బయటికి తీసుకొచ్చి, బండ ముందు నిలబెట్టి, ఈ బొమ్మ తప్పు అని చెప్పింది. అప్పుడే దావీదురాజు మేస్త్రీతో గేటు దాటి లోపలికి వస్తున్నాడు.

“మా సారు తప్పు చెప్పినాడంటావా?” అన్నాడు. పిల్లలు నోళ్లు మూసుకున్నారు. ఆమె కూడా ఊరుకుని ఉంటే అక్కడితో పోయేది. ఊరుకోలేదు.

“ఎవరు చెప్పినా తప్పు తప్పే సార్.”

“శనివారం నా ఫ్యాక్టరీకి రా. పుస్తకం తేవద్దు. నా రాళ్ల మీద నాకు చూపించు. నేను ఒప్పుకుంటే ఆ బండ నా చేతుల్తో నేనే పగలగొడతా. ఒప్పుకోకపోతే సోమవారం కృపమణమ్మ ముందర, పిల్లల ముందర, బొమ్మ రైటేనని నువ్వే చెప్పాల.”

“వస్తా సార్,” అంది లక్ష్మీప్రియ.

హెడ్మాస్టరు హెన్రీ సారు ఆ రోజు నుంచి సరిగా అన్నం తినలేదు. బడిలో ఇంకా నాలుగు గదులకు నేల పరచాల్సి ఉంది. బండలన్నీ దావీదురాజువే. “ఆయమ్మ చిన్నపిల్ల రాజన్నా, తెలీక అనింది,” అని రెండుసార్లు ఫోను చేశాడు. దావీదురాజు రెండుసార్లూ వినిపించుకోనట్టే పెట్టేశాడు. నేల బండలు ఆపాలని ఆయనకు లేదు. కానీ ఆపుతాడేమోనని వాళ్లు భయపడుతుంటే వద్దనలేదు. ముప్పై ఏళ్ల వ్యాపారంలో నేర్చుకున్న గుణం అది, ఎదుటివాడి భయాన్ని ఊరికే పారెయ్యడు.

శనివారం ఒంటిపూట బడి వదిలిపెట్టగానే లక్ష్మీప్రియ వచ్చింది. ఏప్రిల్ నెల. ఫ్యాక్టరీలో మిషన్లు ఆపించేశారు. పాలిష్ నీళ్లు కాలువలో తెల్లగా పేరుకుని ఎండిపోతున్నాయి. లోడింగ్ మేస్త్రీ హనుమేష్ ఒక బండను అంచు మీద నిలబెట్టి, వెనక్కి తిప్పి, అరచేత్తో తడిమి చూస్తున్నాడు.

“వెనక చూసినావా?” అని అడిగాడు దావీదురాజు, అలవాటు కొద్దీ.

“చూసినా రాజన్నా. పగులు లేదు.”

ఆ ఫ్యాక్టరీలో ఎవరు చేరినా మొదటి రోజు నేర్చుకునేది అదే. ముందు వైపు ఒక్కటే చూసి బండ కొనకూడదు, లోడు ఎత్తకూడదు. పాలిష్ ఎట్లాంటి రాయినైనా అందంగా చూపిస్తుంది. చీలిక వెనకవైపు ఉంటుంది.

లక్ష్మీప్రియ చేతిలో ఒక సంచి. ముఖం ఎండకు కందిపోయింది కానీ గొంతు తడబడలేదు. “పొద్దున ఫోన్లో చెప్పినట్టు పెట్టించినారా సార్?”

పెట్టించాడు. ఒకే రాయిలోంచి కోసిన రెండు బండలు, రెండడుగుల చదరం. ఒకటి నేల మీద పరిచి ఉంది. రెండోది ఇటుకలకు ఆనించి, దాదాపు నిలువుగా, ముఖం దక్షిణానికి పెట్టి ఉంది. రెండూ తొమ్మిది గంటల నుంచి ఒకే ఎండలో ఉన్నాయి.

“మీరే తాకి చూడండి,” అంది.

దావీదురాజు తాకలేదు. హనుమేష్ వైపు చూశాడు. హనుమేష్ పరిచిన బండ మీద అరచెయ్యి పెట్టి వెంటనే లాక్కున్నాడు. “దీనెమ్మ! దోశ పోయొచ్చు.” నిలబెట్టిన దాని మీద పెట్టి, పది దాకా లెక్కపెట్టి తీశాడు. “ఇది పర్వాలేదన్నా. ఇది మనకు కొత్తనా? మధ్యాన్నం లోడు నిలువు వరసల్లోంచే ఎత్తాలని నువ్వే కదా రూలు పెట్టినావు.”

“నిన్ను తాకమన్నా. ఉపన్యాసం చెప్పమనలేదు.”

“ఆ రూలు ఎందుకు పెట్టినారు సార్?” అంది లక్ష్మీప్రియ.

“చేతులు కాల్తాయని.”

“రెండిటికీ సూర్యుడు ఒకటే. దూరం ఒకటే. మరి ఒకటే ఎందుకు కాల్తాంది?”

దావీదురాజు తొందరపడలేదు. ఎదుటివాడు చెప్పిన మొదటి రేటుకు తల ఊపిన రోజు ఆయన జీవితంలో లేదు. “నిలబెట్టిన దానికి రెండుపక్కలా గాలి తగుల్తాది. చల్లారుతాది. దానికీ కాలాలకూ ఏం సంబంధం?”

హనుమేష్ ఆమె వైపు జాలిగా చూశాడు.

“నిజమే సార్, గాలి కూడా కొంత లాగుతాది. లేదని అబద్ధం చెప్పను,” అంది ఆమె. సంచిలోంచి ఒక అట్టముక్క తీసింది. మధ్యలో రెండంగుళాల చదరపు కంత. “మీ టేపు ఇస్తారా? లేదు, మీరే కొలవండి.”

అట్టను పరిచిన బండకు పైన పట్టుకుంది. కంతలోంచి పడిన ఎండ బండ మీద చదరంగా నిలిచింది. దావీదురాజు వంగి టేపు పెట్టాడు. రెండంగుళాలు, ఎటు చూసినా. తర్వాత అట్టను అట్లాగే పట్టుకుని నిలువు బండ పక్కకు జరిగింది. అదే కంత, అదే ఎండ. బండ మీద మాత్రం వెలుగు కిందికి సాగిపోయింది. ఈసారి టేపు పెట్టేటప్పుడు ఆయన రెండో చేత్తో కళ్లకు నీడ పట్టుకున్నాడు. వెడల్పు రెండు. పొడవు దాదాపు ఐదు.

మళ్లీ కొలిచాడు. అంతే వచ్చింది.

“కంతలోంచి దిగింది అదే ఎండ సార్. ఈడ ఇంత చోట్లో పడింది. ఆడ దానికి రెండింతలకు పైగా పరుచుకుంది.”

ఒక డబ్బా పాలిష్ పది బండలకు పూస్తే ఎట్లుంటుందో, ఇరవై ఐదు బండలకు పూస్తే ఎట్లుంటుందో దావీదురాజుకు ఎవరూ చెప్పక్కరలేదు. ఆ మాట నోటిదాకా వచ్చింది, మింగేశాడు.

“చలికాలంలో ఈ షెడ్డు నీడ మధ్యాన్నం యాడ దాకా వస్తాది?” అని ఆమె హనుమేష్‌ను అడిగింది.

“ఉత్తరం పక్క రెండో వరస దాకా వస్తాదమ్మా. క్రిస్మస్ ముందర మేమంతా ఆడనే కూచుని తింటాం. ఇప్పుడు చూడు, కుక్క పడుకునేంత నీడ కూడా లేదు.”

“అంటే చలికాలంలో ఎండ వాలుగా వస్తాది. పరిచిన బండ మీదే పడినా పల్చగా పడుతుంది. పైగా పగలు కూడా తక్కువ. ఎండాకాలంలో నడినెత్తిన పడుతుంది, ఎక్కువసేపు పడుతుంది.”

“సరే,” అన్నాడు దావీదురాజు. “వాలు ఉండాది. కాదనను. కానీ పొయ్యికి దగ్గరైతే సెగ ఎక్కువా కాదా? వాలుకు తోడు దగ్గర కూడా కారణమే అంటా. నా బొమ్మ తప్పని ఎట్లా తేలింది?”

ఆ ప్రశ్న కోసమే ఆమె ఎదురుచూస్తున్నట్టుంది. “మీరు క్రికెట్ చూస్తారా సార్?”

“చూడకపోవడమేంది!” హనుమేష్ అందుకున్నాడు. “క్రిస్మస్ మర్సటి రోజు పొద్దున ఐదింటికి, రగ్గు కప్పుకుని, టీవీ ముందర కదలడు. ఆస్ట్రేలియాలో మ్యాచ్ ఉందంటే ఆ రోజు ఫ్యాక్టరీ ఉండాదో లేదో కూడా చూడడు.”

“ఆ రోజు ఆడ ఆటగాళ్లు ఎట్లుంటారు?”

దావీదురాజుకు ఆ పొద్దుటి టీవీ తెర కళ్ల ముందుకొచ్చింది. ముక్కులకు తెల్లటి క్రీము. టోపీలు. చెమటకు తడిసి వీపుకు అతుక్కున్న చొక్కాలు. గ్యాలరీలో చొక్కా లేకుండా కూర్చున్న జనం. ఇక్కడ తను రగ్గులో ముడుచుకుని, కాఫీ గ్లాసును రెండు చేతుల్తో పట్టుకుని అదంతా చూస్తాడు. ఇరవై ఏళ్లుగా చూస్తున్నాడు.

“ఒకటే భూమి. ఒకటే రోజు,” అంది ఆమె మెల్లగా. “దగ్గరయినందుకే ఎండాకాలం వచ్చేదైతే, ఆడికీ ఈడికీ ఒకేసారి రావాల కదా సార్.”

ఒకే సరుకు, ఒకే రోజు, ఒకే లారీ. ఒకచోట వేడి, ఒకచోట చలి. దగ్గర, దూరం అనే తూకం అక్కడ పనికిరాలేదు. దావీదురాజు ముఖం గట్టిపడింది. ఓడిపోతున్నానని తెలిసినప్పుడు ఆయన గొంతు పెంచడు, తగ్గిస్తాడు.

“మరి ఎట్లా?” అన్నాడు, దాదాపు వినపడకుండా.

ఆమె సంచిలోంచి బత్తాయి తీసి, దానిలో పెన్సిలు నిలువునా దూర్చి, ఆయన చేతికిచ్చింది. “హనుమేషన్నా, మధ్యలో నిలబడు. నువ్వు సూర్యుడివి.”

“ఇన్నాళ్లకు నాకొక పదవి వచ్చె,” అన్నాడు హనుమేష్, ఛాతీ విరుచుకుని.

“పెన్సిలును కొంచెం వాల్చి పట్టుకుని, ఆయన చుట్టూ తిరగండి సార్.”

తన ఫ్యాక్టరీలో, తన మేస్త్రీ చుట్టూ, నడి ఎండలో, చేతిలో బత్తాయితో దావీదురాజు నడిచాడు. షెడ్డు కింద నిలబడ్డ పనివాళ్లు నవ్వు ఆపుకుంటున్నారు. ఒక చుట్టు తిరిగి వచ్చాడు.

“పెన్సిలు ఎవరి వైపు వాలింది సార్?”

“హనుమేష్ వైపు.”

“ఎప్పుడూ ఆయన వైపేనా?”

“ఎప్పుడూ.”

“అట్లయితే మనకు ఏడాది పొడుగునా ఎండాకాలమే.”

“ఇప్పుడుండేది అదే కదమ్మా మన సీమలో,” అన్నాడు సూర్యుడు.

షెడ్డు కింద అందరూ ఘొల్లుమన్నారు. దావీదురాజు నవ్వలేదు.

“భూమి అట్లా తిప్పుకోదు సార్. వాలు మారదు. అదో, స్టేషను నీళ్లట్యాంకు కనిపిస్తాంది కదా. పెన్సిలు మొన దాని వైపే ఉండాల. మీరు యాడ నిలబడినా దాని వైపే.”

రెండోసారి నడిచాడు. ఈసారి కళ్లు ట్యాంకు మీదే పెట్టుకుని, అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచాడు. ఒక చోట మొన హనుమేష్ వైపు వాలి ఉంది. సగం చుట్టు తిరిగేసరికి, చెయ్యి కదపకుండానే, అదే మొన హనుమేష్‌కు ఎడంగా వాలింది. ఇప్పుడు బత్తాయి కింది సగం అతని వైపు తిరిగి ఉంది. ఆగిపోయాడు. హనుమేష్ దగ్గరికి అడుగులేసి చూసుకున్నాడు. ఏడు. అటుపక్కా ఏడే.

దూరం మారలేదు. కాలం మారిపోయింది.

“నిజానికి దూరం కొంచెం మారుతుంది సార్,” అంది ఆమె. “కానీ మనం సూర్యుడికి ఎక్కువ దగ్గరగా ఉండేది జనవరిలో.”

“జనవరిలోనా?”

“జనవరి మొదట్లో. ఆ కొంచెం తేడా ఈ వాలు ముందర నిలబడదు.”

అయితే బండ మీద బొమ్మ తలకిందులుగా ఉందన్నమాట. దావీదురాజు బత్తాయిని పరిచిన బండ మీద పెట్టాడు. షెడ్డు గోడకు ఆనించిన సమ్మెట దగ్గరికి పోయి దాన్ని అందుకున్నాడు.

“మాట మాటే. పోదాం పా బడికి.”

“సార్...”

“బండ గురించి కాదు మేడమ్ నా బాధ.” ఆయన సమ్మెటను ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు. “సోమవారం ఆయమ్మ వస్తాది. మీ ఆయన పిల్లలకు తప్పు చెప్పినాడమ్మా అని ఏ ముఖం పెట్టుకుని చెప్పాల? మా నాయన నాకు సమ్మెట ఇచ్చినాడు. అక్షరం ఇచ్చింది ఆ సారే. ఆయన చెప్పిందే తప్పయితే నేను దాచుకున్నదేమి?”

లక్ష్మీప్రియ ఆయనకు అడ్డంగా వచ్చి నిలబడింది. “బొమ్మ సారు వేసిందా, మీరు వేసిందా?”

“నేనే వేసినా. నా నోటుబుక్కులో.”

“సారు పాఠం చెప్పే రోజు మీరు బడిలో ఉన్నారా?”

సమ్మెట ఆయన చేతిలో నేలకు దిగింది. ఆ రోజు లేడు. నాయనకు సద్ది తీసుకుని గనికి పోయాడు. మర్నాడు పక్కవాణ్ణి అడిగితే వాడు “సూర్యుడూ భూమీ, కాలాలూ” అన్నాడు. మిగతాదంతా తనే ఊహించుకున్నాడు. మంటకు దగ్గరైతే వేడి, దూరమైతే చలి. పన్నెండేళ్లవాడికి అంతకన్నా ఏం కావాలి?

“ఆ బుక్కు ఉందా సార్?”

ఆఫీసు గదిలో ఉంది. చెక్కిన శిల్పి చిన్న ఈరన్న వారం కిందటే తిరిగిచ్చాడు. దావీదురాజు తెచ్చి బొమ్మ ఉన్న పేజీ తెరిచాడు. కాగితం పసుపు పచ్చగా, అంచులు పొడిపొడిగా ఉంది. లక్ష్మీప్రియ ఎండకు ఎత్తి పట్టుకుంది. బొమ్మ వెనక నుంచి ఎర్రగా ఏవో గీతలు తేలాయి.

“దీని వెనక చూసినారా?”

ఆయన చూడలేదు. బొమ్మ దొరికింది, అది చాలనుకున్నాడు. ముప్పై ఏళ్లలో వెనక్కి తిప్పి చూడకుండా ఒక్క బండ కొనని మనిషి ఆ ఒక్క కాగితాన్ని తిప్పలేదు.

హనుమేష్ కూడా దగ్గరికొచ్చాడు. దావీదురాజు పేజీ తిప్పాడు. ఎర్ర సిరా, కుదురైన చేతిరాత. పైకి చదవబోయి ఆగి, పుస్తకం ఆమెకిచ్చాడు. ఆమె చదివింది.

“రాజూ, బొమ్మ బాగా వేశావు. విషయం తప్పు. మనం సూర్యుడికి దగ్గరగా ఉండేది జనవరిలో. కాలాలకు కారణం దూరం కాదు, వాలు. సోమవారం రెండు పలకలు తీసుకుని ఎండలోకి రా, చూపిస్తాను. బడి మానవద్దు. మీ నాయనతో మాట్లాడాను. ఒప్పుకున్నాడు. ప్రేమయ్య.”

దావీదురాజు పరిచిన బండ వైపు, నిలబెట్టిన బండ వైపు చూశాడు. తర్వాత పరిచిన దాని మీద చెయ్యి పెట్టాడు. తీయలేదు. హనుమేష్ మణికట్టు పట్టుకుని లాగేదాకా తీయలేదు.

“పిచ్చా రాజన్నా?”

“దిద్ది ఇచ్చిన ఈ బుక్కు నేను తెరవనే లేదు. ఆ సోమవారం బడికీ పోలేదురా,” అన్నాడు. “తెల్లారక ముందే నాయన లేపి గనికి పిల్చుకపోయినాడు. మళ్లా బడి గడప తొక్కలేదు. ఇన్నేళ్లూ ఏమనుకున్నానో తెలుసా? అంతమంది పిల్లల్లో ఒకడు తగ్గితే సారుకేం పట్టిందిలే అనుకున్నా. ఒక్కసారి కూడా ఇంటికొచ్చి అడగలేదే అనుకున్నా.”

జేబులోంచి ఫోను తీసి చిన్న ఈరన్నకు చేశాడు. మాటలు ఇప్పుడు పొడిగా, వ్యాపారంలో మాట్లాడినట్టే వచ్చాయి.

“ఈరన్నా, బడి దగ్గర బండను గోడకు ఆనించి నిలబెట్టొద్దు. నడి ఆవరణలో నిలబెట్టాల, రెండుపక్కలా కనపడాల... విను ముందు. ఇప్పుడుండే పక్క, కింద సారు పేరు చెరిపెయ్. ‘దావీదురాజు, ఏడో తరగతి, చేసిన తప్పు’ అని చెక్కు. అవును, తప్పు అనే. వెనకపక్క మేడమ్ ఇచ్చే బొమ్మ. దాని కింద సారు రాసిన అక్షరాలు, ఆయన చేతిరాతలోనే. సోమవారం లోపల అయితాదా?”

“వెనకపక్క పాలిష్ లేదు కదన్నా. గరుగ్గా ఉంటాది,” అన్నాడు అవతల ఈరన్న.

“గరుగ్గానే ఉండనీ.”

లక్ష్మీప్రియ సమ్మెటను తీసి గోడకు ఆనించింది. “అందరి ముందర మీ తప్పని పెట్టుకుంటారా సార్?”

“తప్పు నాదైతే నాకు బరువు కాదు మేడమ్. ఆయనది కాదు, అది చాలు. ముప్పై ఒక్కమంది పిల్లలకు కూడా ఒక మాట తెలియాల, తప్పు రాసినవాడికి కూడా సారు మళ్లీ రమ్మని రాస్తాడని.” ఫోను జేబులో పెట్టబోతూ, “హెన్రీ సారుకు చెప్పు. నాలుగు గదులకూ లోడు సోమవారమే వస్తాది. ఆయన్ను అన్నం తినమను,” అన్నాడు.

ఫోను చేతిలోనే మోగింది. కృపమణమ్మ. రేపు సాయంత్రానికి నంద్యాల చేరుకుంటానని, అక్కడి నుంచి తీసుకుపోవడానికి బస్టాండుకు ఎవరినైనా పంపమని చెప్పింది. ఆయన సరేనన్నాడు. పెట్టెయ్యబోయాడు. పెట్టలేదు.

“అమ్మా, ఒక మాట. నేను ఏడో తరగతిలో ఉండంగా సారు మా నాయనతో ఏం మాట్లాడినాడో మీకు తెలుసా? నాయన ఒప్పుకున్నాడని రాసినాడు. దేనికి ఒప్పుకున్నాడు?”

అవతలి ముసలి గొంతు జాగ్రత్తగా, అడుగు వేసినట్టు అడిగింది:

“మీ నాయన నీకు చెప్పనే లేదా, రాజూ?”

“లేదమ్మా.”

“అయితే ఫోన్లో వద్దు నాయనా. ఆ రోజు మీ నాయన చేతిలో సారు పెట్టింది ఏమిటో, రెండు రోజులకే మీ నాయన దాన్ని ఎందుకు తిరిగి తెచ్చిచ్చినాడో, నీ ముఖం చూసే చెప్తా.”

ఆమె ఫోను పెట్టేసింది. దావీదురాజు నీడ ఆయన పాదాల కిందే ఉంది. పొద్దున చేతిలో ఉన్న బండకు ఇప్పుడు రెండు ముఖాలు. ఇచ్చిన మాట ఒకటి విరిగింది, బండను పగలగొట్టడం లేదు. సారు పేరు నిలిచింది. నలభై ఏళ్లుగా సారు మీద లోలోపల మోసిన చిన్న కోపం దిగిపోయింది. దాని చోట, అరచేతి మీద కాలిన ఎర్రటి మచ్చలా, నాయనను ఇంతవరకూ ఎన్నడూ అడగాలని తోచని ఒక ప్రశ్న మిగిలింది: సారుకు ఒప్పుకుని కూడా ఆ సోమవారం తనను గనికి ఎందుకు తీసుకుపోయాడు?